ఎరువుల కొట్టు క్యాలెండర్ కోసం ఏడాది పాటు పొలం గట్ల మీద

2024 నవంబరు 12న మా స్టూడియోకి ఒక షావుకారు వచ్చాడు. ఆంధ్రా సరిహద్దుని ఆనుకున్న ఒడిశా పట్టణం మా పర్లాకిమిడిలోనే ఆయనది ఎరువులు, పురుగుమందుల వ్యాపారం. పాస్‌పోర్ట్ ఫొటోకి వచ్చాడనుకుని స్టూలు తుడిచాను. ఆయన సంచిలోంచి నాలుగు పాత క్యాలెండర్లు తీసి బల్ల మీద పరిచాడు. మూడింటి మీద లక్ష్మీదేవి. నాలుగోదాని మీద తలపాగా కట్టుకున్న పంజాబ్ రైతు, వెనకాల గోధుమ చేను.

"మన దగ్గర గోధుమ ఎవడు వేస్తాడు తమ్ముడూ? 2026కి మన పొలాలే వేయిద్దాం. పన్నెండు నెలలకి పన్నెండు ఫొటోలు. తిథులు తెలుగులోనూ ఒడియాలోనూ ఉండాలి" అన్నాడు.

నలభై అయిదు వేలకి మాట కుదిరింది. పదిహేను వేలు అడ్వాన్సు. ప్రెస్‌కి ఇవ్వాల్సిన ఆఖరు తేదీ 2025 నవంబరు 5. నేను పద్నాలుగేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాను. ఆషాఢంలో ఈగలు తోలుకుంటూ కూర్చునేవాడికి పొలం ఫొటోలంటే సెలవు దొరికినట్టే అనిపించి వెంటనే ఒప్పేసుకున్నాను. ఆయన వెళ్లాక కాగితం మీద నెలలు రాసుకుంటే అప్పుడు తెలిసింది. వచ్చే నవంబరు 5కి ఫొటోలన్నీ ఇచ్చేయాలంటే నవంబరు, డిసెంబరు పేజీలవి ఇప్పుడే తీయాలి. కోతలు అప్పటికే మొదలైపోయాయి. ఏడాది టైముందనుకున్న పని ఆ వారమే నెత్తి మీదికొచ్చింది.

మా మావయ్యది కాశీనగర్ వైపు, వంశధార దగ్గర ఊరు. బండి మీద ముప్పావుగంట. ఆయనకి మూడెకరాల పల్లం, ఒక జత ఎడ్లు. పల్లపు ఫొటోలకి ఆ ఊరు, కొండ ఫొటోలకి సెరంగో వైపు సవర గిరిజనుల ఊళ్లు అని నిర్ణయించుకున్నాను. రెండు చోట్లే. ఊరూరా తిరిగితే మనుషులు కొత్తగా చూస్తారు, కొత్తగా చూసినంతసేపూ మంచి ఫొటో రాదు. పెళ్లిళ్లలోనూ అంతే, మొదటి గంట ఎవరూ మామూలుగా ఉండరు.

మొదటి ఫొటో నవంబరు 21, గురువారం. మావయ్య పక్కింటి ఒడియావాళ్లకి అది మార్గశిర మొదటి గురువారం. ఆ ఇంటి పెద్దావిడ తెల్లవారకముందే లేచి బియ్యప్పిండి నీళ్లతో గుమ్మం నుంచి దేవుడి గది దాకా లక్ష్మి పాదాలు వేస్తోంది. ఆ ముగ్గుని ఝోటి అంటారు. లోపల కొత్త ధాన్యం నింపిన మాణం అనే కొలపాత్ర, దాని మీద పువ్వులు. నేను తీస్తుంటే మా అత్త గోడ మీంచి చూసి, "మనకింకా కార్తీకమే కదరా, అప్పుడే లక్ష్మీవారం ఏటి?" అంది. మనవాళ్లకి నెల అమావాస్యతో ముగుస్తుంది, వాళ్లకి పున్నమితో. అందుకని ఆ ఇంట్లో మార్గశిరం నవంబరు 16నే వచ్చేసింది, ఈ ఇంట్లో డిసెంబరు 2న వస్తుంది. మధ్యలో ఉన్నది నాలుగడుగుల గోడ. ఈ రెండు వారాల తేడా ఆఖర్న ప్రెస్ దగ్గర నా ప్రాణం తీసింది. అది తర్వాత చెప్తాను.

డిసెంబరు ఫొటో కోసం నూర్పులు తీద్దామనుకున్నాను. మావయ్య కోత కోసి పనలు చేలోనే ఆరబెట్టాడు. 18వ తేదీకి కుప్ప వేస్తానన్నాడు. కూలీలు దొరక్క రెండు రోజులు జరిగింది. 20న బంగాళాఖాతంలో వాయుగుండం అని మబ్బు పట్టింది, ఆ రాత్రి నుంచి వాన. 22 పొద్దున నేను వెళ్లేసరికి పనలన్నీ నీళ్లలో ఉన్నాయి. మావయ్య, అత్త, మరో ఇద్దరు తడిసిన పనలు ఎత్తి గట్టు మీద నిలబెడుతున్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. కెమెరా తీయాలా వద్దా అని అరగంట గట్టు మీద నిలబడ్డాను. చివరికి మావయ్యే "వచ్చినోడివి వచ్చావు, తియ్యి. ఎవుడైనా నష్టం రాసుకోడానికొస్తే చూపిద్దుం" అన్నాడు. పదకొండు ఫొటోలు తీసి, ప్యాంటు మడిచి నేనూ పనలు మోశాను. ఆ పదకొండింటిలో ఒకటుంది. అత్త తడి పనని చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు రొమ్ముకి ఆనించి పట్టుకుంది, గింజల్లోంచి నీళ్లు కారుతున్నాయి. నా పద్నాలుగేళ్లలో అంతకన్నా మంచి ఫొటో తీయలేదు.

షావుకారుకి ఫోన్లో పంపితే నిమిషంలో జవాబు వచ్చింది. "తమ్ముడూ, నెలంతా గోడ మీద వేలాడేది ఇది. తడిసిన ధాన్యం అపశకునం. ఎవరింట్లో పెట్టుకుంటారు?"

కోపం వచ్చింది. కానీ అత్తకి చూపిస్తే ఆవిడా అదే మాట అంది. "నా ముఖం సూడు, శవం కాడ కూకున్నట్టుంది. ఇది ఎవులికీ సూపకు బాబూ." దాంతో నా కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. డిసెంబరుకి వేరేవాళ్ల కళ్లంలో, వానకి ముందే కుప్ప వేసుకున్న అదృష్టవంతుల దగ్గర, తూర్పారబడుతున్న ఫొటో తీసిచ్చాను. ఎండలో పొట్టు బంగారంలా ఎగిరింది, నిజమే. ఆ పొట్టే లెన్సు మారుస్తుంటే కెమెరా లోపలికి పోయింది. తర్వాత మూడు పెళ్లిళ్ల ఫొటోల్లో ఆకాశం మీద నల్ల చుక్కలు వచ్చాయి, ఒక్కొక్కటీ కూర్చుని చెరిపాను. నూర్పు దగ్గర లెన్సు మార్చకండి. మార్చాల్సి వస్తే ఇంట్లోకి వెళ్లి మార్చండి.

జనవరి తేలిగ్గా అయిపోయింది. కనుమ రోజు, 15వ తేదీ, ఎడ్లకి కొమ్ములకి రంగు వేసి గంటలు కట్టారు. గంటలో పని ముగిసింది. అందరూ నవ్వుతూ నిలబడ్డారు.

ఫిబ్రవరిలో జీడిపూత కోసం కొండెక్కాను. మాఘమాసం, పెళ్లిళ్ల రద్దీ. రాత్రి ముహూర్తం తీసి, రెండింటికి ఇంటికొచ్చి, నాలుగింటికి మళ్లీ బండెక్కిన రోజులు మూడున్నాయి. ఒకరోజు కునుకు పట్టి బండి రోడ్డు దిగింది. ఏమీ కాలేదు, మోకాలు గీరుకుంది అంతే. ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు. పొద్దున ఏడింటి దాకా మంచు, ఎనిమిదికల్లా చురుక్కుమనే ఎండ. మధ్యలో ఉన్న ఇరవై నిమిషాలే ఫొటో. ఆ తోట ముసలాయన చెట్టు మీద చెయ్యి వేసి చూపించాడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఆయన పాత చెట్లన్నీ పడగొట్టింది. ఇవి ఆ తర్వాత నాటిన అంటు మొక్కలు, ఇప్పుడు నిండుగా కాపుకొచ్చాయి. షావుకారుకి అదంతా చెప్పలేదు. పూత బాగుందన్నాడు.

మార్చి ఇప్పపూల నెల. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

సవర ఊళ్లోకి కెమెరాతో ఊరికే వెళ్లిపోకూడదు. ముందు ఊరి పెద్ద, గమాంగ్, ఒప్పుకోవాలి. నాకు ఒడియా వచ్చు, సవర భాష రాదు. జీడిపిక్కల వ్యాపారం చేసే ఒకతన్ని వెంటబెట్టుకుని వెళ్లాను. మొదటిసారి పెద్దాయన ఊళ్లో లేడు. రెండోసారి జ్వరం. మూడోసారి, మార్చి 16న, కలిశాడు. నా కెమెరా చూసి "ఇది ఏ ఆఫీసు ఫొటో?" అని అడిగాడు. ఆఫీసు కాదు, క్యాలెండర్ అంటే నమ్మలేదు. వాళ్ల దగ్గరికి కెమెరాతో వచ్చేవాళ్లంతా ఇల్లు శాంక్షన్‌కో, మరుగుదొడ్డి బిల్లుకో వస్తారు. అందుకే కెమెరా కనపడగానే మొగుడూ పెళ్లాం పిల్లలూ వెళ్లి గోడ ముందు నిటారుగా, చేతులు కిందికి చాపి నిలబడిపోయారు. పని చేసుకుంటూ ఉండండి, అలాగే తీస్తానంటే అర్థం కాని ముఖాలు పెట్టారు. పని చేస్తుంటే ఇల్లు కనపడదు కదా, మరి ఫొటో దేనికి?

తర్వాత గమాంగ్ ఒక షరతు పెట్టాడు. ఊళ్లో చాలామందికి పాస్‌పోర్ట్ ఫొటోలు కావాలి. బ్యాంకుకి, రేషన్‌కి, బడికి ఎప్పుడూ అవసరమే, దానికోసం గుమ్మా దాకా దిగాలి. అవి తీసిస్తే ఇప్పచెట్ల దగ్గరికి రావచ్చు. పనసచెట్టుకి ఆయన పంచె కట్టి, దాన్నే వెనక తెర చేసుకుని, ఆ మధ్యాహ్నం ఇరవై ముగ్గురికి ఫొటోలు తీశాను. అయిదు రోజుల్లో ప్రింట్లు పట్టుకెళ్లాను. అప్పటి నుంచి ఆ ఊళ్లో నన్ను కుక్కలు కూడా మొరగలేదు.

ఇప్పపూలు రాత్రి రాలతాయి. చీకటుండగానే బుట్టలతో వెళ్తారు, తెల్లారి ఎండెక్కేసరికి అయిపోతుంది. ఏరడానికి వీలుగా చెట్టు కింద ఆకులు ముందే ఊడ్చి కాలుస్తారు. నేల నల్లగా, దాని మీద పసుపు తిరిగిన తెల్లటి పూలు. చూడ్డానికి అద్భుతం, తీయడానికి నరకం. వెలుతురు లేదు, ఫ్లాష్ వేస్తే పూలు సున్నం చల్లినట్టున్నాయి. నాలుగు పొద్దులు పోయాక ఒక ముసలామె బుట్ట పక్కన చిన్న లాంతరు పెట్టుకుని కూర్చున్నప్పుడు దొరికింది. మార్చి పేజీ అదే.

ఏప్రిల్‌లో ఎండలు. బీటలు వారిన చేలు ఎవరూ గోడ మీద పెట్టుకోరని నాకే తెలిసిపోయింది, జీడిపళ్లు కోస్తున్న పిల్లల్ని తీశాను. 30న అక్షయ తృతీయ. ఒడియా రైతులు ఆ రోజు అఖి ముఠి అని, స్నానం చేసి కొత్త బట్టలు కట్టుకుని చేలో మొదటి పిడికెడు విత్తనం చల్లుతారు. రెండూ ఇస్తే షావుకారు విత్తనాలది ఉంచుకుని, పిల్లలది వద్దన్నాడు. "బడికెళ్లే పిల్లలు పనిచేస్తున్నట్టుంటుంది, ఎవడైనా కేసు పెడితే?" ఈ ఒక్క విషయంలో ఆయన అన్నది నిజమే.

మేలో డ్రోన్ ముచ్చట. షావుకారు కొడుకు ఎవరి దగ్గరో చూశాడట, పైనుంచి ఒకటైనా ఉండాలన్నాడు. పెళ్లిళ్లకి తిప్పే నా స్నేహితుడి డ్రోన్ పూటకి పదిహేను వందలు ఇచ్చి తెచ్చాను. మావయ్య ఎడ్లబండి మీద చేలోకి పెంట తోలుతున్నాడు. డ్రోన్ కాస్త కిందికి దించామో లేదో ఎడ్లు బెదిరి, బండితో సహా గట్టు దాటి పక్కవాళ్ల కూరగాయల మడిలోంచి పరుగెత్తాయి. కాడి విరిగింది. ఎడ్లకి దెబ్బ తగల్లేదు, అది మా అదృష్టం. మావయ్య మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు ఫోన్ చేసి, "నీ గాలి ఈగని మళ్లీ తెస్తే పంగలకర్రతో కొడతాను" అన్నాడు. మే నెలకి చెరువు గట్టు మీద తాటిముంజలు కొడుతున్న ఫొటో ఇచ్చాను. దానికి రూపాయి ఖర్చు కాలేదు.

జూన్ మా సరిహద్దులో తమాషా నెల. 11న ఏరువాక పున్నమి. మావయ్య నాగలికి పసుపు కుంకుమ పెట్టి, ఎడ్లకి పొంగలి తినిపించి, చేలో ఒక చాలు దున్నాడు. సరిగ్గా మూడు రోజులకి, 14న, పక్కింట్లో రజో మొదలైంది. భూదేవి ముట్టయిందని మూడు రోజులు నేలని గుచ్చరు, నాగలి ముట్టరు. ఆడపిల్లలు కొత్త బట్టలు కట్టుకుని ఉయ్యాలలూగుతారు, పొడొ పిఠా అనే పిండివంట తింటారు. ఒక గట్టుకి ఇటు దున్నడం పండగ, అటు దున్నకపోవడం పండగ. మావయ్య ఆగాడా అంటే ఆగాడు. భక్తితో కాదు, ఆయన పిలిచిన ట్రాక్టర్ డ్రైవర్ ఒడియా కుర్రాడు, మూడు రోజులూ రానన్నాడు. జూన్ పేజీకి నేను రెండూ కలిపి ఇచ్చాను: ముందు పసుపు పూసిన నాగలి, వెనకాల దూరంగా మామిడిచెట్టుకి ఉయ్యాల. నిజానికి అవి ఒకేరోజు జరగవు. ఉయ్యాల కట్టిన రోజున నాగలి ఇంకా పసుపుతోనే చూరు కింద ఉంది, నేను దాన్ని కాస్త ముందుకి జరిపాను. ఏడాది మొత్తంలో నేను సర్ది తీసింది అదొక్కటే.

ఇక ఉభాలు, అంటే వరి నాట్లు. పొలం ఫొటోలు తీయాలనుకునేవాళ్లందరూ తీయాలనుకునేది ఇదే కాబట్టి, జరిగింది జరిగినట్టు చెప్తాను.

జులై 19 పొద్దున జూమ్ లెన్సు తీసి వెలుతురుకి పెట్టి చూస్తే లోపలి అద్దం మీద సాలెగూడులా తెల్లటి పోగులు. ఫంగస్. వారం పాటు తడిసిన సంచిలోనే పెట్టి ఉంచాను, తప్పు నాదే. విశాఖపట్నం పంపితే వారంలో ఇస్తామన్నారు. పందొమ్మిది రోజులు పట్టింది. శుభ్రం చేయడానికి పద్దెనిమిది వందలు, పంపడానికి తెప్పించడానికి మూడొందల యాభై. లెన్సు ఆగస్టు 7న చేతికొచ్చింది. మావయ్య ఊళ్లో ఉభాలు జోరుగా సాగింది సరిగ్గా ఆ పందొమ్మిది రోజులే. నా దగ్గర మిగిలింది జూమ్ లేని చిన్న యాభై ఎం.ఎం. లెన్సు. దాంతో తీయాలంటే మనిషికి దగ్గరగా వెళ్లాల్సిందే.

అది ఎందుకు కష్టమంటే, నాటేవాళ్లు వెనక్కి నడుస్తారు. ముఖం నాటిన వైపు, వీపు నాటాల్సిన వైపు. ఖాళీగా ఉన్న వైపు నిలబడితే మనకి కనిపించేవి వంగిన వీపులే. మొదటిరోజు నేను తెలియక అక్కడే నిలబడ్డాను. వరసలో పెద్దామె నడుం నిమిర్చి, "ఏటి బాబూ, ఎనకాల నుంచి ఫొటో తీస్తావేటి? నీకు అప్పసెల్లెళ్లు లేరా?" అని గట్టిగా అడిగింది. మిగతావాళ్లు నవ్వారు. నాకు చెవులు కాలిపోయాయి. ముఖాలు కావాలంటే నాటిన వైపు ఉండాలి, అక్కడ కాలు పెడితే నారు తొక్కినట్టే. గట్టు మీద నుంచి తీద్దామంటే ఈ లెన్సుకి వాళ్లు చీమల్లా కనపడతారు.

దారి చూపించింది కూడా ఆ పెద్దామే. "మడి మొదలెట్టీనప్పుడు రా" అంది. అవును. కొత్త మడి మొదలుపెట్టేటప్పుడు వాళ్లు గట్టుకి ఆనుకునే ఉంటారు, ముఖాలు గట్టు వైపే ఉంటాయి. మొదటి పది నిమిషాలు చాలా దగ్గర. తర్వాత దూరమైపోతారు. మళ్లీ ఇంకో మడి మొదలయ్యేదాకా ఆగాలి. ఈలోపు నాకొక పని అప్పజెప్పారు: ఆకుమడి (నారుమడి) దగ్గర నుంచి ఆకు కట్టలు మోసుకొచ్చి మడిలో అక్కడక్కడా విసరడం. మోశాను. మొదటి కట్ట విసిరితే ముఖం మీద బురద పడ్డావిడ నన్ను తిట్టిన తిట్టు ఇక్కడ రాయలేను.

ఇంకో చిక్కు, పొద్దున అయిదున్నర వెలుతురు దివ్యంగా ఉంటుంది, కానీ చేలో కొంగలు తప్ప ఎవరూ ఉండరు. ఆడవాళ్లు వంటలు చేసి, పిల్లల్ని పంపి వచ్చేసరికి ఎనిమిదిన్నర. ఎండ నెత్తి మీద ఉండగా పని సాగుతుంది, నీళ్లు అద్దంలా కళ్లలో కొడతాయి. రెండువేల నాలుగొందలు పెట్టి పోలరైజర్ ఫిల్టర్ కొన్నాను. మెరుపు పోయింది, కానీ నీళ్లలో మబ్బుల నీడ కూడా పోయింది. తీసేసి మబ్బు పట్టిన రోజుల కోసం కాచుకోవడమే నయం. స్టాండు కాళ్లు బురదలో దిగబడుతుంటే మూడు కొబ్బరి చిప్పలు బోర్లించి వాటి మీద పెట్టుకున్నాను. దీనికి పైసా ఖర్చు లేదు, ఇంతవరకూ ఒక్కసారి కూడా జారలేదు.

ఆగస్టు 2న, సన్నటి జల్లులో, తిట్టిన పెద్దామె తాటాకు గిడుగు కింద నుంచి తలెత్తి ఏదో అంటూ నవ్వింది. తీశాను. షావుకారు ఒక్క మాట మాట్లాడకుండా ఒప్పుకున్నది ఈ ఫొటోనే. పెద్ద సైజు ప్రింటు వేయించి లామినేషన్ చేయించి ఆమెకిచ్చాను. చాలాసేపు చూసి, కొంగుతో తుడిచి, "బురద పోదా?" అని అడిగింది. పోదన్నాను. "ఇలగ ఇంట్లో ఎలగ పెట్టుకుంతాను? సుట్టాలొస్తే కూలిదానిలాగ కనపడ్తాను." మర్నాడు పట్టుచీర కట్టుకుని, తలకి నూనె రాసుకుని, కొడుకు బండి మీద పర్లాకిమిడి దాకా వచ్చింది. స్టూడియోలో నీలం తెర ముందు, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, నవ్వకుండా కూర్చుని తీయించుకుంది. డబ్బు తీసుకోనంటే ఒప్పుకోలేదు. ఆ ఫొటో వాళ్లింట్లో గడియారం కింద ఉంది. బురదది ట్రంకు పెట్టెలో చీరల అడుగున ఉందని కోడలు చెప్పింది.

సెప్టెంబరు ఏమీ లేదు. పచ్చగా ఉంది, అంతే. ఏ మూల తీసినా క్యాలెండర్ ఫొటోయే.

అక్టోబరు 2 దసరా. ఆ రోజూ మర్నాడూ కుండపోత. మా జిల్లా కొండల్లో చరియలు విరిగిపడి దారులు మూసుకుపోయాయి. సెరంగో వైపు కొండ చోడి (రాగి) చేలు తీద్దామనుకున్నది అక్కడితో ఆగిపోయింది. పల్లంలో వరి పొట్ట దాటి వెన్ను తీస్తోంది. నాకు మిగతా నెలలన్నీ ఉన్నాయి, అక్టోబరు ఒక్కటే లేదు. నెలాఖరుకి చేను కాస్త రంగు తిరగనీ అని ఆగాను. 25 నుంచి మోంథా తుఫాను వార్తలు. మావయ్య ముఖం చూడాలంటే భయమేసింది, పోయినేడు డిసెంబరులో చూసిన ముఖమే అది. 27 పొద్దున మబ్బుల సందులోంచి పావుగంట ఎండ వచ్చింది. మావయ్య గట్టు తెగ్గొట్టి చేలో నీళ్లు బయటికి వదులుతున్నాడు, పార భుజాన ఉంది, వెనక సగం పండిన చేను, దాని వెనక నల్లటి ఆకాశం. షావుకారుకి తుఫాను ముందు రోజని చెప్పకుండా పంపాను. "ఆకాశం భలే వచ్చింది తమ్ముడూ" అన్నాడు.

28 రాత్రి తుఫాను దక్షిణంగా ఆంధ్ర తీరం దాటింది. మాకు గాలి తగ్గింది, వాన తగ్గలేదు. మావయ్య చేలో ఒక మూల పడిపోయింది, మిగతాది నిలబడింది.

నవంబరు 5న అన్నీ ఇచ్చేశాను. అక్కడితో అయిపోలేదు. ప్రెస్‌వాడు ఒడియా పాంజి, తెలుగు పంచాంగం రెండూ ఒకే గడిలో వేసి, కింద ఫొటోకి పేరు పెట్టమన్నాడు. నవంబరు పేజీ ఝోటి ఫొటో కింద "మార్గశిర లక్ష్మీవారం" అని పెట్టాను. 2026లో ఒడియా లెక్కకి మార్గశిరం నవంబరు నెలాఖరులో మొదలవుతుంది, తెలుగు లెక్కకి డిసెంబరులో. "నవంబరు పేజీలో మార్గశిరం ఏమిటి, మావాళ్లు నవ్వుతారు" అని షావుకారు, డిసెంబరుకి మారిస్తే ఒడియా గుమాస్తా "మా మొదటి గురువారం అప్పటికే అయిపోయి ఉంటుంది" అని. నాలుగు రోజులు ఇదే గొడవ. చివరికి "కొత్త ధాన్యం" అని పేరు పెట్టి బయటపడ్డాను.

వెయ్యి కాపీలు డిసెంబరు 18న వచ్చాయి. లెక్క చూసుకుంటే, నలభై ఏడు సార్లు వెళ్లాను. సగటున అరవై కిలోమీటర్లు. పెట్రోలు ఆరువేల మూడొందలు అయింది, అదీ ఒడిశా రేటు కాబట్టి. పాతపట్నం వైపు ఉండుంటే ఇంకా ఎక్కువయ్యేది, అక్కడివాళ్లే ఇటొచ్చి కొట్టించుకుంటారు. ఫిల్టర్, లెన్సు రిపేరు, డ్రోన్, వాన కవరు, ఒక మెమరీ కార్డు, పంచిన నూట అరవై చిన్న ప్రింట్లు, పదకొండు పెద్దవి, దారిలో టిఫిన్లు అన్నీ కలిపి ఇరవై వేలు దాటింది. మిగిలినదాన్ని నలభై ఏడుతో భాగిస్తే రోజుకి అయిదొందల చిల్లర. ఆ ఏడు మావయ్య ఉభాలకి ఇచ్చిన కూలి నాలుగొందల యాభై, భోజనం వేరే.

ఆ మిగిలింది కూడా పూర్తిగా డబ్బుగా రాలేదు. రావాల్సిన ముప్పై వేలలో ఇరవై ఇచ్చి, మిగతా పదికి "ఇప్పుడు చేతిలో ఆడటం లేదు, డీఏపీ పట్టుకెళ్తావా?" అన్నాడు షావుకారు. బస్తా 1,350. ఏడు బస్తాలు, 9,450. అయిదొందల యాభై చిల్లర లెక్కపెట్టి చేతిలో పెట్టాడు. బస్తాలు మావయ్య ట్రాక్టర్‌లో వేసుకెళ్లాడు. కాడి విరిగిన లెక్క దీంతో చెల్లు అన్నాడు.

సంక్రాంతికి వెళ్లినప్పుడు మావయ్య ఇంట్లో క్యాలెండర్ చూశాను. వంటింటి గోడకి ఉంది. తేదీల పక్కన అత్త పెన్సిలుతో పాల లెక్క వేసుకుంటోంది, గ్యాస్ బండ వచ్చిన రోజు చుట్టూ సున్నా చుట్టింది. "అక్టోబరులో నేనున్నానట కదా" అని మావయ్య పేజీలు తిప్పి చూసుకుని, మళ్లీ జనవరికి తెచ్చి పెట్టాడు.

మొన్న షావుకారు స్టూడియోకి వచ్చి 2027 సంగతి కదిపాడు. "నీ ఫొటోలకి పేరొచ్చింది తమ్ముడూ. కానీ రైతులంతా ఒకటే మాట. దేవుడి బొమ్మయితే ఏడాది అయ్యాక ఫ్రేము కట్టించుకుంటారట, పొలం బొమ్మయితే పుస్తకాలకి అట్టలేస్తారట. ఈసారి లక్ష్మీదేవే వేసేద్దాం." వెళ్తూ వెళ్తూ గోడ మీద నేను పెట్టుకున్న అత్త ఫొటో, ఆ తడి పన ఫొటో, చూసి ఆగాడు. ఆవిడ ఎవరని అడగలేదు. ఆ డిసెంబరు వానలో తనకి బాకీలు ఎన్ని లక్షలు ఆగిపోయాయో చెప్పి వెళ్లాడు.

ఇప్పపూల ఊరికి ఇవ్వాల్సిన ప్రింట్లు ఇంకా ముప్పై దాకా నా దగ్గరే ఉన్నాయి. దారి బాగుచేశారని తెలిసింది. గమాంగ్ కబురు పంపాడు, ఈసారి పంచె ఉతికించి ఉంచుతాడట, బడిలో కొత్తగా చేరే పిల్లలకి ఫొటోలు కావాలట. గురువారం వెళ్తున్నాను.